ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీ బాబూ?

మా అన్నయ్య కొడుకు ఖమ్మంలో ట్యాక్స్ కన్సల్టెన్సీ పెట్టుకున్నాడు. ఒక షట్టరు, రెండు టేబుళ్లు, ఇంకా జీతం మొదలుకాని ఒక అసిస్టెంటు. "అత్తా, రెండు సిస్టమ్స్ కావాలి. ఒక్కోటి ముప్ఫై ఐదు వేలు దాటకూడదు. బ్రాండెడ్ కొననా, అసెంబుల్ చేయించనా?" అని ఫోన్ చేశాడు. ఈ ప్రశ్న వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. 1996లో విజయవాడ గవర్నరుపేటలో డీటీపీ సెంటర్ తెరిచిన నాటి నుంచీ దీనిమీద నాకో గట్టి అభిప్రాయం ఉంది. అడిగినవాళ్లే తక్కువ. శనివారం పొద్దున వాడు సికింద్రాబాద్‌లో రైలు దిగీదిగగానే పార్క్‌లేన్‌కి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి లాక్కుపోయాను.

షాపులో కుర్రాడు నాకు కుర్చీ వేసి, మావాడితో మాటలు మొదలెట్టాడు. ప్రాసెసర్ చెప్పాడు, బోర్డు చెప్పాడు, ర్యామ్ చెప్పాడు, మౌస్ ప్యాడ్ ఫ్రీ అని కూడా చెప్పాడు. "ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీ బాబూ?" అన్నాను. అడిగింది నేను, జవాబు వెళ్లింది మావాడికి: "అది క్యాబినెట్‌తో వచ్చేస్తుంది సార్."

ఈ వారం నా ఒళ్లు మండింది ఆ 'వచ్చేస్తుంది' మీద. నా వైపు చూడకపోవడం అలవాటైపోయింది, దాన్ని వదిలేస్తాను. పెళ్లికి బ్యాండు మేళం, డెకరేషన్, ఐస్‌క్రీం స్టాలు అన్నీ మాట్లాడి, వంటకు నీళ్లెక్కణ్నుంచి అంటే 'వచ్చేస్తాయి' అన్నట్టుంది ఆ మాట. గోడలోని 230 వోల్టులని బోర్డుకి పనికొచ్చే 12, 5, 3.3 వోల్టులుగా మార్చేది ఆ డబ్బానే. మిగతా సామానంతా దాని దయమీద బతుకుతుంది. మరి కొటేషన్ కాగితంలో దానికి సొంతంగా ఒక వరస కూడా ఉండదు.

చూపించమన్నాను. పైన 450 వాట్లని స్టిక్కరు. చేతిలోకి తీసుకుంటే పూరీలా తేలిపోయింది. లోపల ఉండాల్సిన రాగి, ఇనుము, అల్యూమినియం ఉంటే ఆ బరువు వేరుగా ఉంటుంది. పోనీ ఆఫీసు పనికి 450 కావాలా అంటే అదీ లేదు. ఇంటెల్ ఐ3-12100 అనే చిప్పు తీసుకోండి, 2022 నుంచీ చిన్న ఆఫీసులకి అది బంగారం. మామూలుగా 60 వాట్లు, ఎంత దౌడు తీసినా 89 వాట్లు దానికి రాసిపెట్టిన హద్దు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మొత్తం పెట్టె కలిపి 150 వాట్లు దాటడం అరుదు. అంటే మావాడికి కావాల్సింది నిజమైన 300. అబద్ధపు 450 ఉచితంగా ఇచ్చినా వద్దు. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డుని వెంటబెట్టుకుపోతుంది.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. క్యాబినెట్‌కి చెయ్యి తగిలితే జివ్వుమంటుందని చాలా ఆఫీసుల్లో అనుకుంటూ ఉంటారు. కంప్యూటరు పాడైందేమో అనుకుని సర్వీసుకు పంపినవాళ్లనీ ఎరుగుదును. పాడైంది కంప్యూటరు కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండే ఫిల్టరు కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని బాడీ మీదుగా ఎర్త్‌లోకి వదిలెయ్యాలి. ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక డబ్బా మీదే కూర్చుంటుంది, దాదాపు సగం వోల్టేజీతో. కరెంటు బహు స్వల్పం కాబట్టి మనిషిని చంపదు, చక్కిలిగింత పెడుతుంది. త్రీ-పిన్ ప్లగ్గులో ఆ లావు పిన్ను ఎందుకుందో తెలియక విరగ్గొట్టి టూ-పిన్ సాకెట్లో దూర్చే వీరులున్న నేల మనది. అద్దెకిచ్చే షట్టర్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి, మూడోదాని వెనక తీగ ఉండదు. అడిగితే ఓనరు "ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదమ్మా" అంటాడు.

సరే, అసలు తగవుకి వస్తాను. బ్రాండెడ్ వైపు న్యాయమేమిటో చెప్పకుండా దాటవేయను, త్వరగా చెబుతాను. ఒకటి, వాళ్లు పెట్టే ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా నిజాయితీగానే ఉంటుంది. రెండు, విండోస్ లైసెన్సు ధరలో కలిసే వస్తుంది. మూడు, ఈ సీజన్లో లెక్క కూడా వాళ్ల వైపే తూగుతోంది. ప్రపంచంలోని ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలు. ముగ్గురూ ఏఐ డేటా సెంటర్ల బేరాల వైపు తిరిగారు. మైక్రాన్ అయితే మనలాంటి విడి కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ సరుకునే ఆపేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించింది. 2025 మధ్యలో రెండు వేల లోపు దొరికిన 8 జీబీ ముక్క ధర ఆ ఏడాది తిరిగేలోగా రెండింతలు దాటిపోయింది. పెద్ద కంపెనీలు ముందే ఒప్పందాలు రాసుకుంటాయి. పార్క్‌లేన్ షాపువాడు పొద్దున ఫోన్ చేసి ఆ రోజు రేటు కనుక్కుంటాడు, ఉల్లిపాయల్లాగా.

ఇంత ఒప్పుకున్నాక కూడా నేను అసెంబుల్డ్ అనే అంటాను. ఎందుకో మావాడి పాత యజమాని కథ చెబితే తెలుస్తుంది. ఆయన ఆఫీసులో బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఒకటి నెలలో 18వ తేదీన చచ్చిపోయింది. వారంటీ ఉంది, అదీ ఇంటికొచ్చి చేసే వారంటీ. ఫోన్ చేస్తే నంబరిచ్చారు. ఆ నంబరుకి మెసేజ్ వచ్చింది, మెసేజ్‌కి లింకు వచ్చింది. మనిషి మాత్రం హైదరాబాద్ నుంచి రావాలి, వస్తువు ఇంకెక్కణ్నుంచో రావాలి. ఇద్దరూ కలిసింది 23న. నెలనెలా జీఎస్టీఆర్-3బీ వేసేవాళ్లకు ఆఖరి తేదీ 20. దాటితే రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. క్లయింటు అడిగేది కంప్యూటర్ కంపెనీని కాదు, కన్సల్టెంటుని. పక్క సిస్టమ్‌లో వేసుకోవచ్చుగా అంటారేమో, ట్యాలీ డేటా అంతా ఆ చచ్చినదాంట్లోనే ఉంది. బ్యాకప్ సంగతా? అది ఇంకో వారం తిడతాను.

మా సెంటర్లో మాఘమాసం ముహూర్తాల ముందు ఓసారి బోర్డు కాలిపోయింది. సగం కంపోజైన శుభలేఖలు పదకొండు. మెకానిక్కు స్కూటరు మీద వేరే బోర్డుని పాత పేపర్లో చుట్టుకుని తెచ్చి, టీ చల్లారేలోగా బిగించి పోయాడు. దానికి స్క్రూడ్రైవరు చాలు, ఎందుకంటే అసెంబుల్డ్‌లో ప్రతి ముక్కా అంగట్లో దొరికే కొలతే. చాలా బ్రాండెడ్ పెట్టెల్లో ఎస్‌ఎంపీఎస్ ఆకారం వాళ్లదే, బోర్డుకెళ్లే ప్లగ్గు కూడా అందరూ వాడే 24 పిన్నులది కాదు. వారంటీ అయిపోయాక ఆ ముక్క కోసం ఖమ్మం అంతా తిరిగినా దొరకదు. కొత్తగా ఆఫీసు పెట్టేవాడు ముందు చూడాల్సింది 19వ తేదీ రాత్రి తొమ్మిదింటికి ఎవరు ఫోనెత్తుతారన్నది. ఆ మనిషి దొరికితే అతనేది బిగిస్తానంటే అది కొనాలి.

అయితే అసెంబుల్డ్ అమ్మేవాళ్లు కూడా తక్కువవాళ్లేం కాదు. ఆ కుర్రాడి రెండో మాట 'వేసిచ్చేస్తాం'. విండోస్ సంగతి అది. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ 2018లో వేసిన లెక్కలో మన దేశంలో లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ 56 శాతం. అంటే వేసిచ్చేసేవాళ్లదే మెజారిటీ. నా సెంటర్లో కూడా వేసిచ్చేసిందే వాడానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, పూజారిలా మాట్లాడను. కానీ శుభలేఖలు వేరు. నలభైమంది వ్యాపారుల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డులు ఉన్న యంత్రంలో ఎవడో తాళం పగలగొట్టిన విండోస్ ఎక్కించడమంటే బీరువా తాళంచెవి దొంగతోనే చేయించుకోవడం. అసలుది కొంటే బడ్జెట్‌లో పావు వంతు దానికే పోతుంది. లైనక్స్ ఉచితమే, కానీ వాడికి ట్యాలీ కావాలి. నా వాదంలో ఉన్న చిల్లు ఇదే, పూడ్చడానికి నా దగ్గర మట్టి లేదు.

ఈలోగా మావాడు ఫోన్‌లో ఇంకోటి చూపించాడు. "ఐ5 కంప్యూటర్, మానిటర్‌తో సహా పన్నెండు వేలు, కొత్తది." ఎన్నో జెనరేషన్ అని అడగరా అన్నాను. కిందికి జరిపితే అక్కడుంది, హెచ్61 బోర్డు. 2011 నాటి చిప్‌సెట్ అది. అట్టపెట్టె కొత్తది, కవరు కొత్తది, లోపల ప్రాసెసర్ ఎవరో పదేళ్లు వాడి వదిలేసినది. ఐ5 అన్నది ఇంటిపేరులాంటిది, తాతకీ మనవడికీ ఒకటే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో జెనరేషన్ నుంచి పైవే అధికారికంగా ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 కూడా ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఖాళీ చేసిన సెకండ్‌హ్యాండ్ పెట్టెలు కొనేవాళ్లకీ ఇదే గీటురాయి, ఎనిమిదికి కింద చూడకండి. ఇంకో చిన్న మోసం: ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే మానిటర్ నల్లగా చూస్తుంది, మళ్లీ కార్డు కోసం అదే షాపుకి రావాలి.

"బిల్లు కావాలా సార్?" అనడిగాడు చివర్లో. ట్యాక్స్ కన్సల్టెంటుని! 18 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఉన్నవాడికి ఆ పన్ను క్రెడిట్‌గా తిరిగొస్తుంది. బిల్లు లేకపోతే వారంటీకి వెళ్లినప్పుడు చూపించడానికి ముఖం తప్ప ఏమీ ఉండదు. మావాడు ఆ ఒక్కచోట నాకంటే గట్టిగా మాట్లాడాడు, సంతోషం వేసింది.

రెండు గంటలు గడిచాయి. జెనరేషన్లూ కోర్లూ జీబీలూ అన్నీ అయ్యాయి. ఆ అంతస్తులో ఎన్ని షాపులెక్కి దిగామో, ఎక్కడా ఎవరూ అనని మాట ఒకటుంది: తెలుగు. మావాడి దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది అద్దె ఒప్పందాలు, అఫిడవిట్లు, మండలాఫీసుకు అర్జీలు కూడా రాసిపెట్టమంటారు. "తెలుగు ఎలా కొడతావురా?" అంటే, "పక్కన డీటీపీ ఉంది కదత్తా" అన్నాడు. ఆ డీటీపీలో ఏముంటుందో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ల కింద నేను వాడిన బాపతే. తెరమీద 'అ' కనిపిస్తుంది గానీ కంప్యూటరు దృష్టిలో అది ఏదో ఇంగ్లిషు గుర్తు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు, వెతికితే దొరకదు, కాపీ చేస్తే రాదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. అప్పటికి మావాడు పుట్టలేదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు ఏనాటి నుంచో ఉంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019లో చేర్చారు. పైసా ఖర్చు లేదు, సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. అది చెప్పే షాపువాడు లేడు, అడిగే గిరాకీ లేడు. ఆర్‌జీబీ లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయో మాత్రం ప్రతి కుర్రాడూ వెలిగించి చూపిస్తాడు. బడ్జెట్ లెక్కేసేటప్పుడు మన భాషకి సున్నా ఖర్చు రాస్తాం, సున్నా కాబట్టి ఆ వరసే రాయం. ఎస్‌ఎంపీఎస్‌కి పట్టిన గతే.

చివరికి ఒకటి బ్రాండెడ్, ఒకటి అసెంబుల్డ్ తీసుకున్నాడు. అత్త మాటా, లెక్కా రెండూ నిలబెట్టాడట. అసెంబుల్డ్‌లో పూరీ తీసేయించి, పేరున్న ఎస్‌ఎంపీఎస్ విడిగా బిల్లు వేయించి పెట్టించాను. పోయేముందు కీబోర్డుకి తెలుగు అక్షరాల స్టిక్కర్లు ఉన్నాయా అనడిగాను. కుర్రాడు ఈసారి నావైపే తిరిగి, సొరుగులో వెతికి, "హిందీవి ఉన్నాయి మేడమ్, పెట్టమంటారా?" అన్నాడు.