వదులుకోవడం వేరు, వదిలించడం వేరు

మన ఇళ్లలో అద్వైతం ఎప్పుడు గుర్తొస్తుందో గమనించారా? ఆస్తి పంపకాలప్పుడు. అదీ ఆడపిల్ల తన వాటా అడిగినప్పుడు. అప్పటిదాకా గట్లు, సర్వే రాళ్లు, గజం రేటు గురించి మాట్లాడిన పెద్దాయన ఉన్నట్టుండి వేదాంతంలోకి దిగుతాడు. "పోయేటప్పుడు ఏం కట్టుకుపోతామమ్మా, అంతా మాయ. పోనీలే, వదిలెయ్." పక్కనే అన్న కూడా కూచుని ఉంటాడు. అతనికి మాత్రం ఈ ఉపదేశం ఎవరూ చెయ్యరు.

రెండోది లేదనే కదా అద్వైతం చెప్పేది. మరి వదులుకోవాల్సి వచ్చేసరికి ఇద్దరిలో చెల్లెలొక్కతే ఎందుకు కనిపిస్తుంది?

దీనికి శంకరుల పేరు అడ్డం పెట్టుకోవడం ఇంకా అన్యాయం. శాంకరాద్వైతంలో జగత్తు మిథ్య అంటే, అది కుందేటి కొమ్ములా అసలు లేనిదని అర్థం కాదు. జ్ఞానం కలిగేదాకా వ్యవహారం వ్యవహారంగానే చెల్లుతుంది. అప్పు అప్పే, ఆకలి ఆకలే, వాటా వాటానే. తాడుని పాము అనుకుని బెదిరినవాడికి దీపం తెచ్చి చూపించాలి. దీపం మన దగ్గరే దాచుకుని, చీకట్లో ఉన్న మనిషిని "ఎందుకా భయం?" అని గదమాయిస్తే దాన్ని బోధ అనరు.

అద్వైతులు ఎంతో గౌరవించే యాజ్ఞవల్క్య మైత్రేయి సంవాదం బృహదారణ్యకంలో ఎలా మొదలవుతుందో చూడండి. ఆస్తి పంపకంతోనే! ఇల్లు విడిచి వెళ్లబోతూ, భార్యలు మైత్రేయికీ కాత్యాయనికీ ఆస్తి పంచి వెళ్తానంటాడు యాజ్ఞవల్క్యుడు. భూమి నిండా సంపద ఉన్నా దానివల్ల అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడిగింది. రాదన్నాడు. అయితే నీకు తెలిసిందే నాకు చెప్పమంది. ముందు వాటా మాట, ఆ తర్వాతే ఆత్మజ్ఞానం. ఇస్తానన్నదాన్ని ఆమె తనంతట తానే వద్దనుకుంది. కాత్యాయని ఆ ప్రశ్న అడగలేదు. ఆమెని కూచోబెట్టి వైరాగ్యం నూరిపోసే పని యాజ్ఞవల్క్యుడూ పెట్టుకోలేదు.

అంత దూరం ఎందుకు, రమణ మహర్షినే చూడండి. 1896లో అన్నీ వదిలి తిరువణ్ణామలై చేరిన మనిషి, 1938లో ఆశ్రమ నిర్వహణ గురించి విల్లు రాయించడానికి ఒప్పుకున్నారు. సంతకం చోట ఒక గీత గీశారు. తన పేరు వదులుకున్నవారికి కూడా, వెనక ఉండేవాళ్ల కోసం కాగితం పక్కాగా ఉండడం మాయగా తోచలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. చట్టం అడ్డు తొలిగాక మిగిలిన అడ్డుకట్టల్లో ఈ వేదాంతం ఒకటి. అది పనిచేస్తే చివరికి ఒక కాగితం పుడుతుంది. హక్కు విడుదల దస్తావేజు, అందరి నోటా రిలీజ్ డీడ్. సంతకం పెట్టేది చెల్లెలు, బాధ్యత నుంచి విడుదలయ్యేది అన్న.

"ఆస్తి కోసం తోబుట్టువులు కోర్టుకెక్కాలా? బంధం ముఖ్యం కాదా?" అంటారు. ముఖ్యమే. ఏళ్ల తరబడి వాయిదాలకి తిరుగుతూ పెంచుకునే పగని వదిలేస్తే ఎవరికైనా మంచిదే. కానీ బంధం నిలబెట్టడానికయ్యే ఖర్చు ఇద్దరూ పెట్టుకోవాలి. ప్రతిసారీ చెల్లెలి పర్సులోంచే తీస్తామంటే ఎలా?

తెలుగులో వదులుకోవడం, వదిలించడం ఒకటి కాదు. మొదటిది ఎవరికి వాళ్లు చేసుకునేది. రెండోది పక్కవాళ్లు చేయించేది. సాధన పేరుతో రెండోదాన్ని మనకి అంటగడుతున్నారు. ముందు ఆమె వాటా ఆమె పేరున రాసి, కాగితాలు చేతిలో పెట్టండి. ఆ తర్వాత ఉంచుకుంటుందో, అమ్ముకుంటుందో, మైత్రేయిలా వద్దంటుందో ఆమె ఇష్టం. మాయ గురించి మాట్లాడాలనిపిస్తే ఆవిడే అడుగుతుంది.