పేరు అడగని ఎనిమిది నెలలు

ఈసారి నా తప్పు ఒకటి మీతో చెప్పుకోవాలి.

కువైట్‌లో మనకి ఆరాధన శుక్రవారమే కదా, ఆదివారం అందరికీ డ్యూటీ. 2024లో, అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి వెళ్లిపోవచ్చని ఇక్కడి ప్రభుత్వం మార్చి 17 నుంచి మూడు నెలలు గడువిచ్చి, మళ్లీ జూన్ ఆఖరుదాకా పొడిగించింది. గుర్తుందా? అప్పటి మాట ఇది.

మా సహవాసంలో చివరి వరసలో, చెప్పుల స్టాండు పక్కన ఒకామె కూర్చునేది. పనిచేసే ఇంట్లోంచి బయటికొచ్చేసి, అక్కడా ఇక్కడా పని చేసుకుంటోందని విన్నాం. "ఆ ఖల్లివెల్లి ఆమె" అనేవాళ్లం అందరం. నేనూ అన్నాను. ఒకరోజు నా పక్కన ఖాళీ ఉందని వచ్చి కూర్చుంది. నేను హ్యాండ్‌బ్యాగు తీసి అటువైపు పెట్టుకున్నాను. ఆమె చూసింది. ఏమీ అనలేదు, ఇంకాస్త పక్కకి జరిగింది. ఆరోజు పాటలు పాడుతూనే ఉన్నాను నేను, చప్పట్లు కూడా కొట్టాను.

గడువు మొదలయ్యాక ఆమె ప్రార్థన చేయించుకోడానికి ముందుకొచ్చింది. ప్రార్థన పుస్తకంలో పేర్లు రాసేది నేనే. పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ఎనిమిది నెలలుగా వస్తోంది, పేరు తెలీదు. "పేరు చెప్పమ్మా" అన్నాను.

నవ్వింది. "ఈ దేశమొచ్చాక నా పేరు అడిగింది మీరేనక్కా. ఆ ఇంట్లో నాకంటే ముందు చేసినామె పేరుతోనే పిలిచేవాళ్లు, వాళ్లకి అదే అలవాటని."

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఆమెని అడగలేదు కనక.

ఇంటికొచ్చి ఆదికాండం 16వ అధ్యాయం తీశాను. హాగరు కథ సండేస్కూలు నుంచి తెలిసిందే. ఐగుప్తు నుంచి వచ్చిన పనిమనిషి, యజమానురాలు పెట్టే బాధ పడలేక పారిపోయింది. మన మాటల్లో చెప్తే ఆమె కూడా ఖల్లివెల్లే. ఇన్నేళ్లు చదివినా నాకు తట్టనిది ఒకటుంది. ఆ అధ్యాయంలో అబ్రాము గానీ శారయి గానీ ఆమెని ఒక్కసారి కూడా పేరుతో అనరు. దాసి అంటారు, అంతే. ఎడారిలో నీటి బుగ్గ దగ్గర దూత పిలిచినప్పుడే ఆమె పేరు మొదటిసారి ఒకరి నోట వినబడుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని కూడా అడిగాడు. ఎనిమిది నెలల్లో నేను అడగనివి అవే. తనని చూసే దేవుడని హాగరు ఆయనకి పేరు పెట్టింది. నేనూ ఆమెని చూశాను, బ్యాగు జరుపుకోడానికి.

యోహాను 3:16 మనం చిన్నప్పుడే బట్టీ పట్టాం. దేవుడు ప్రేమించిన ఆ లోకంలో మన ఇల్లు, మన పిల్లలు, మన పాస్టరుగారు ఉంటారని తెలుసు. చెప్పుల స్టాండు దాకా లెక్కపెట్టలేదు నేను.

ఇదంతా చెప్తే మా గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది, "మరి నన్ను కొట్టిన మామాని కూడా దేవుడు ప్రేమిస్తున్నాడా అక్కా?" అని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. శారయిని కూడా దేవుడు విడిచిపెట్టలేదు, ఆమె విషయంలో ఇచ్చిన మాటా నిలబెట్టుకున్నాడు. కాబట్టి అవుననే చెప్పాలి. కానీ దూత హాగరుని తిరిగి వెళ్లమన్నాడు కదా అని ఆ వచనం చూపించి, దెబ్బలు తినే ఆడపిల్లని అదే ఇంటికి పంపేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇంటిపని చేసే ఆడవాళ్లకి మన ఎంబసీలో ఆశ్రయం ఉంది, ముందు అక్కడికి తీసుకెళ్లండి. మామా కోసం ప్రార్థన తర్వాతైనా చేసుకోవచ్చు.

ఆమె జూన్‌లో కడప చేరింది. పిల్లల దగ్గరే ఉంది, అప్పుడప్పుడు వాయిస్ పెడుతుంది. మొన్న అడిగింది, "అక్కా, ఆ చెప్పుల స్టాండు పక్కన ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?"

నాకు తెలీలేదు. ఈ శుక్రవారం వెళ్లి చూడాలి.