హెలికాప్టర్‌కు తోడు కావాలి

భారత రక్షణ శాఖ 2025 మార్చి 28న హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థతో 156 ప్రచండ్ తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ల కోసం, పన్నులు కాక, 62,700 కోట్ల రూపాయల విలువైన ఒప్పందాలు కుదుర్చుకుంది. వీటిలో 90 సైన్యానికి, 66 వైమానిక దళానికి చేరతాయి. సరఫరా మూడో ఏట మొదలై ఆపై ఐదేళ్లపాటు సాగుతుంది. చౌకగా తయారయ్యే డ్రోన్లు యుద్ధరంగం తీరునే మార్చివేసి, హెలికాప్టర్ అవసరం ఇంకా ఉందా అని ప్రపంచ సైన్యాలన్నీ తర్జనభర్జన పడుతున్న కాలంలోనే ఇంత భారీ కొనుగోలు జరిగింది. హెలికాప్టర్‌ను వదులుకోవడం ఆ ప్రశ్నకు జవాబు కాదు, డ్రోన్‌ను చిన్నచూపు చూడటమూ కాదు. రెంటినీ ఒకే జట్టుగా నడిపే నైపుణ్యం, అందుకు తగిన శిక్షణ, ఆ శిక్షణకు ముందుగానే కేటాయించిన నిధులు ఉన్నప్పుడే ఈ పెట్టుబడి దేశానికి రక్షణగా నిలుస్తుంది.

హెలికాప్టర్ లేనిదే గడవని పరిస్థితి భారతదేశానికి ఉన్నంతగా మరే పెద్ద దేశానికీ లేదనడానికి హిమాలయాలే సాక్ష్యం. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక రోటర్ రెక్కలకు పట్టు చిక్కదు, ఇంజిన్‌కు ప్రాణవాయువు చాలదు. మైదానంలో సునాయాసంగా మోసే బరువులో కొద్ది భాగాన్ని మాత్రమే అక్కడ హెలికాప్టర్ మోయగలుగుతుంది. సియాచిన్‌లో 20 వేల అడుగుల దరిదాపుల్లో ఉన్న కావలి స్థావరాల వద్ద చీతా హెలికాప్టర్ దిగే తీరు ఈ పరిమితిని కళ్లకు కడుతుంది. మంచును చదునుచేసి గట్టిపరచిన చిన్న గద్దె మీద దాని స్కిడ్‌లు ఆనీ ఆననట్టు ఆనుతాయి. ఆ చలిలో ఒకసారి ఆపితే మళ్లీ రాజుకుంటుందన్న భరోసా లేదు కనుక ఇంజిన్‌ను ఆపరు. తల మీద రెక్కలు తిరుగుతుండగానే జవాన్లు నడుము వంచి వచ్చి కిరోసిన్ డబ్బానో, తిండి సామానో దించుకుని, అస్వస్థుడైన సహచరుడు ఉంటే లోపలికి ఎక్కించిన క్షణాల్లోనే అది లోయలోకి జారిపోతుంది. అంత ప్రయాసపడి తెచ్చే బరువు కొద్ది పదుల కిలోలకు మించదు. అయినా ఆ కిలోల మీదనే అక్కడి కావలి ఆధారపడి ఉంటుంది.

చీతాకు మూలమైన ఫ్రెంచి లామా 1972లో 12,442 మీటర్ల ఎత్తుకు ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది కనుక, ఆ యంత్రం ఎంపికలో పొరపాటు లేదు. దాని వారసుడిని సిద్ధం చేయడంలోనే జాప్యం జరిగింది. 1984లో సియాచిన్ మీద ఆపరేషన్ మేఘదూత్ అనే సైనిక చర్య మొదలైనప్పుడు బరువులు మోసిన చీతాలే, వాటికంటే పాతవైన చేతక్‌లే నేటికీ సేవలో ఉన్నాయి. రెండూ ఒకే ఇంజిన్ గలవి. ఆ ఇంజిన్ మొరాయిస్తే కొండల మధ్య దిగడానికి చోటుండదు. 2023 మార్చి 16న అరుణాచల్ ప్రదేశ్‌లోని మండలా సమీపంలో చీతా కూలి ఇద్దరు సైనికాధికారులు మరణించగా, వారిలో ఒకరు యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందినవారు. వీటి స్థానంలో రావలసిన దేశీయ తేలికపాటి వినియోగ హెలికాప్టర్ తొలిసారి ఎగిరింది 2016లోనే అయినా, 200 కొత్త నిఘా హెలికాప్టర్ల కోసం తయారీదారుల వివరాలు కోరే ప్రక్రియ 2025 ఆగస్టులో కూడా కొనసాగుతూనే ఉంది.

యుద్ధ హెలికాప్టర్ కథ కూడా ఇలాంటిదే. కార్గిల్ పోరులో 1999 మే 28న తోలోలింగ్ శిఖరం వద్ద రాకెట్లు ప్రయోగించడానికి వెళ్లిన ఎంఐ-17 హెలికాప్టర్‌ను శత్రువు భుజం మీద నుంచి పేల్చే క్షిపణితో కూల్చగా నలుగురు వైమానిక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణిని దారి మళ్లించే మంట గుళికలు, అంటే ఫ్లేర్లు, ఆ హెలికాప్టర్‌కు లేవు. అసలైన దాడి హెలికాప్టర్ అయిన ఎంఐ-35 అంత ఎత్తులో పనిచేయలేదు. ఆ లోటును తీర్చడానికి రూపొందిన ప్రచండ్ 2010లో తొలిసారి గాలిలోకి లేచి, 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో వైమానిక దళంలో చేరింది. రెండు శక్తి ఇంజిన్లు, 20 మిల్లీమీటర్ల తుపాకి, 70 మిల్లీమీటర్ల రాకెట్లు గల ఈ 5.8 టన్నుల హెలికాప్టర్ 5 వేల మీటర్ల ఎత్తులో దిగి, ఆయుధాలతో తిరిగి లేవగలదు. అవసరం ఒక్క రోజులో బయటపడింది, సాధనం చేతికి రావడానికి 23 ఏళ్లు పట్టింది. డ్రోన్లతో జతకట్టే విద్యకు అంత వ్యవధి దొరకదు.

హెలికాప్టర్ పనైపోయిందనే వాదనను తేలికగా కొట్టిపారేయలేము. 2003 మార్చి 24న ఇరాక్‌లోని కర్బలా దగ్గర దాడికి వెళ్లిన 30కి పైగా అమెరికన్ అపాచీ యుద్ధ హెలికాప్టర్లలో దాదాపు ప్రతి ఒక్కటీ నేల మీది నుంచి వచ్చిన తుపాకి గుండ్లకు దెబ్బతినగా, ఒకటి శత్రు భూభాగంలో దిగి దాని సిబ్బంది ఇద్దరూ బందీలయ్యారు. ఉక్రెయిన్‌లో 2022 నుంచి రష్యా తన కేఏ-52 యుద్ధ హెలికాప్టర్లను పెద్ద సంఖ్యలో పోగొట్టుకుంది. 2024 డిసెంబర్ 31న నల్లసముద్రంలో మనిషి లేని పడవ నుంచి వెలువడిన క్షిపణి రష్యా ఎంఐ-8 హెలికాప్టర్‌ను కూల్చింది. దాడి హెలికాప్టర్ల బదులు మానవరహిత విమానాలను వాడాలని జపాన్ 2022 డిసెంబర్‌లో నిర్ణయించగా, అమెరికా సైన్యం కొత్త నిఘా, దాడి హెలికాప్టర్ పథకాన్ని దాదాపు 2 బిలియన్ డాలర్లు ఖర్చయ్యాక 2024 ఫిబ్రవరిలో రద్దు చేసింది.

అయితే అదే ఉక్రెయిన్ యుద్ధం మరో పాఠాన్ని కూడా చెప్పింది. 2023 వేసవిలో ఉక్రెయిన్ ఎదురుదాడిని జపోరిజియా ప్రాంతంలో నిలువరించిన సాధనాల్లో, చెట్ల వరుసల వెనక ఒదిగి అనేక కిలోమీటర్ల దూరం నుంచి క్షిపణులు వదిలిన ఈ కేఏ-52లే ఉన్నాయి. ఉక్రెయిన్ తన వంతుగా, నగరాల మీదికి వచ్చే షాహెద్ డ్రోన్లను హెలికాప్టర్లలో కూర్చున్న తుపాకి సిబ్బందితో కూల్పించింది. శత్రువు తల మీదికి కంటి చూపును నమ్ముకుని వెళ్లిన హెలికాప్టర్ నేలకూలింది. దూరంగా, మాటున ఉండి మరొకరి చూపుతో లక్ష్యాన్ని తెలుసుకున్నది నిలిచింది. కాలం చెల్లింది ఒంటరిగా ఎగిరే పద్ధతికి మాత్రమే.

ఆ మరొకరి చూపును సమకూర్చే విధానాన్నే సైనిక పరిభాషలో మానవసహిత, మానవరహిత జట్టు అంటున్నారు. ఈ జట్టులో బంధం ఎంత గాఢమైనదో కొలవడానికి నాటో దేశాలు ఐదు మెట్లు నిర్ణయించుకున్నాయి. డ్రోన్ తీసిన దృశ్యం మరో కేంద్రం ద్వారా పైలట్‌కు అందడం మొదటి మెట్టు, నేరుగా అందడం రెండోది, డ్రోన్ కెమెరాను పైలటే తిప్పగలగడం మూడోది, దాని ప్రయాణాన్ని నిర్దేశించడం నాలుగోది, దాన్ని లేపి దించడం కూడా చేయగలగడం ఐదోది. అపాచీ తాజా నమూనా గ్రే ఈగిల్ డ్రోన్‌తో నాలుగో మెట్టు దాకా పనిచేయగలదు. లద్దాఖ్ లోయలో దీని ఫలితం ఊహించడం కష్టం కాదు: హెలికాప్టర్ కొండ వీపు చాటున, శత్రు రాడార్‌కు చిక్కకుండా నిలిచి ఉంటుంది, డ్రోన్ శిఖరం దాటి వెళ్లి అవతలి వాలు మీద ఫిరంగి ఎక్కడుందో, క్షిపణి భుజానెత్తుకున్న సైనికుడు ఏ బండ వెనక ఉన్నాడో చూపుతుంది, పైలట్ కొన్ని క్షణాలు మాత్రమే పైకి లేచి ఆయుధం వదిలి తిరిగి చాటుకు చేరుకుంటాడు. తోలోలింగ్‌లో నలుగురికి దక్కకపోయిన ముందస్తు ఎరుక ఇదే.

ఈ చిత్రంలో అందరూ మరిచేది పైలట్ చేతులను. హెలికాప్టర్ నడిపేవారి కుడిచేతిలో సైక్లిక్ అనే కర్ర ఉంటుంది, అది యంత్రం ఎటు వాలాలో నిర్ణయిస్తుంది. ఎడమచేతి కింద ఉండే కలెక్టివ్ అనే మీట దాన్ని పైకి లేపుతుంది, కిందికి దించుతుంది. రెండు పాదాల కింది పెడల్స్ దాని ముక్కును తిప్పుతాయి. విమానం మాదిరిగా కాసేపు వదిలేస్తే తనంతట తాను సాఫీగా సాగే స్వభావం హెలికాప్టర్‌కు లేదు. రెండు చేతులూ, రెండు కాళ్లూ, చూపూ, చెవీ ఇప్పటికే నిండి ఉన్న మనిషి ముందు డ్రోన్ తెర ఒకటి అదనంగా పెడితే అది సాయమవుతుందో, చావుకు కారణమయ్యే పరధ్యానమవుతుందో తేల్చేది శిక్షణ ఒక్కటే. కొత్త కోడెను సేద్యానికి అలవాటు చేయడానికి రైతు దాన్ని నెమ్మదస్తుడైన పాత ఎద్దుతో కాడికి కట్టి, ఎన్నో సాళ్లు ఉత్తినే నడిపించాకే నాగలి దించుతాడు. ఈ జట్టుకూ అంత ఓపిక గల సాధన అవసరం.

ఆ సాధన మొదలు కావలసిన చోట్లలో ఒకటి హైదరాబాద్ పొలిమేరలోనే ఉంది. వైమానిక దళ హెలికాప్టర్ పైలట్లు హకీంపేటలోని శిక్షణ పాఠశాలలో, నౌకాదళం వారు అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళిలో, సైన్యం వారు నాసిక్‌లోని శిక్షణ కేంద్రంలో ఎగరడం నేర్చుకుంటారు. చేతక్ వంటి పాత యంత్రాల మీద నేర్పే ఈ విద్య పైలట్ చేతి నేర్పుకు పదును పెడుతుందనడంలో సందేహం లేదు గాని, తెర మీద వచ్చే పరాయి చూపును నమ్మడం, అనుమానించడం, అవసరమైతే వదిలేయడం అనే విద్యను అది నేర్పదు. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్, కెనడాకు చెందిన సీఏఈ సంస్థ కలిసి నడిపే హ్యాట్సాఫ్ కేంద్రంలోని సిమ్యులేటర్లు, అంటే నేల మీదనే ఎగిరే అనుభవాన్నిచ్చే యంత్రాలు, ఈ పనికి సరైన వేదిక కాగలవు. హెలికాప్టర్ సిమ్యులేటర్‌ను డ్రోన్ నడిపేవారి సిమ్యులేటర్‌తో ముడిపెట్టి ఇద్దరూ ఒకే యుద్ధాన్ని రోజూ ఆడేలా చేయాలి. ఉన్నట్టుండి సంకేతాలను తెంచివేసి, డ్రోన్ కళ్లు మూసుకుపోయిన క్షణంలో పైలట్ ఏం చేస్తాడో పరీక్షించాలి. ఉక్రెయిన్‌లో రేడియో తరంగాలను మూసివేసే జామింగ్ ఎంత విస్తరించిందంటే, కొన్ని డ్రోన్లను సన్నని ఫైబర్ తీగ ద్వారా నడపవలసి వస్తోంది. తెగదని నమ్మిన బంధం తెగినప్పుడే ప్రాణాలు పోతాయి.

సంస్థాగతంగా ఒక మంచి అడుగు ఇప్పటికే పడింది. సైన్యం 2021లో తన పెద్ద డ్రోన్లను ఫిరంగి దళం నుంచి ఆర్మీ ఏవియేషన్ కోర్‌కు మార్చడంతో పైలట్లు, డ్రోన్ నిర్వాహకులు ఒకే గొడుగు కిందికి వచ్చారు. అయితే 2025 జూలై 26న ద్రాస్‌లో సైన్యాధిపతి ప్రకటించినట్టు ప్రతి పదాతిదళ పటాలానికీ డ్రోన్ ప్లాటూన్ ఏర్పడితే, హెలికాప్టర్లు తిరిగే తక్కువ ఎత్తు ఆకాశం మన డ్రోన్లతోనే కిక్కిరిసిపోతుంది. ఎవరు ఎవరో తెలియకపోతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది: 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ సమీపంలోని బడ్గాంలో మన క్షిపణే తగిలి వైమానిక దళ ఎంఐ-17 కూలిపోగా, అందులోని ఆరుగురూ, నేల మీద ఒక పౌరుడూ మరణించారు. ఆకాశాన్ని పంచుకునే నియమాలు, మనవారిని గుర్తుపట్టే పరికరాలు డ్రోన్ల కంటే ముందే యూనిట్లకు చేరాలి.

యంత్రాల మధ్య భాష కుదరడం మరో సమస్య. భారత సైన్యాల వద్ద అమెరికన్ అపాచీ, దేశీయ ప్రచండ్, రుద్ర హెలికాప్టర్లు, ఇజ్రాయెలీ హెరాన్ డ్రోన్లు ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం 31 అమెరికన్ ఎంక్యూ-9బి డ్రోన్లు రావలసి ఉంది. ఒకదాని చూపు మరొకదానికి చేరాలంటే వాటి మధ్య రేడియో బాట, అంటే డేటా లింక్, ఒకే ప్రమాణాన్ని పాటించాలి. ఈ విషయంలో హైదరాబాద్ స్థానం విశిష్టమైనది: టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ కాయం, అదానీ కర్మాగారంలో దృష్టి-10 డ్రోన్ తయారవుతున్నాయి, 7 కిలోమీటర్ల దూరంలోని ట్యాంకును ఛేదించే హెలినా క్షిపణి రూపుదిద్దుకున్నది అక్కడి డీఆర్‌డీఓ ప్రయోగశాలల్లోనే. దాడి చేసే రెక్క, చూసే కన్ను, కొట్టే చెయ్యి ఒకే నగరంలో పుడుతున్నప్పుడు, ఆ మూడింటినీ కలిపే దేశీయ ప్రమాణాన్ని నిర్ణయించి తీరవలసిన బాధ్యత రక్షణ శాఖది. ఇంకా తయారు కావలసిన ప్రచండ్‌లలో ఆ ప్రమాణాన్ని పుట్టుకతోనే అమర్చితే ఖర్చు తక్కువ. తయారయ్యాక విప్పి అతికించాలంటే డబ్బూ, ఏళ్లూ రెండూ వృథా.

కొత్తదనం మోజులో నిర్వహణను మరిచిపోయినా నష్టమే. 2025 జనవరి 5న పోరుబందర్‌లో తీర రక్షక దళ ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు మరణించిన తరువాత, సైనిక సేవలో ఉన్న సుమారు 330 ధ్రువ్‌లను నేల మీదనే నిలిపివేయవలసి వచ్చింది. రోటర్ రెక్కల వాలును నియంత్రించే స్వాష్‌ప్లేట్ అనే ఒక్క భాగంలో పగులే అందుకు దారితీసింది. సరిహద్దు స్థావరాలకు ఆయువుపట్టైన యంత్రాలు నెలల తరబడి కదలకపోతే, వాటికి ఎంత తెలివైన డ్రోన్‌ను జతచేసినా ప్రయోజనం లేదు. విడిభాగాల నాణ్యత, లోహ పరీక్ష, నిర్వహణ సిబ్బంది శిక్షణ కూడా ఆధునికీకరణలో భాగమేనని, అసలు మొదటి భాగమని గుర్తించాలి.

పార్లమెంటు సభ్యులు రక్షణ కొనుగోళ్ల మీద ప్రశ్న వేసేటప్పుడు ఎన్ని హెలికాప్టర్లు వస్తున్నాయన్న దగ్గరే ఆగకుండా, వాటికి ఎన్ని సిమ్యులేటర్లు కొన్నారు, ఎన్ని జట్లు డ్రోన్‌తో కలిసి సాధన చేశాయి, ఉమ్మడి డేటా లింక్ ఎప్పటికి సిద్ధమవుతుంది అని కూడా అడగాలి. రక్షణ శాఖ యంత్రానికీ శిక్షణకూ వేర్వేరు దస్త్రాలు నడిపే అలవాటు మాని, ఇకపై ప్రతి ఒప్పందంలో రెంటినీ కలిపి రాయాలి. కొండ మలుపు అవతల ఏముందో తెలియకుండా మనిషిని పంపే రోజులు ఈ తరం పైలట్లతోనే ముగిసిపోవాలి.