ఇనపగోలీ తెచ్చిన తంటా

పిల్లలూ! మీరంతా గోలీలాట ఆడుతుండగా ఒకడు ఎక్కణ్ణుంచో ఇనపగోలీ తెచ్చాడనుకోండి. వాడు కొట్టినప్పుడల్లా మీ గాజుగోలీలు పగిలిపోతాయి. మర్నాడేమవుతుంది? అందరూ ఇనపగోలీకోసమే వెతుకుతారు. దొరకనివాళ్ళు ఆట మానేస్తారు. నాలుగురోజుల్లో ఆటే ఉండదు.

తెరమీద పలువురు కలిసి ఆడే వీడియో ఆటలకు కూడా ఈ తంటా తప్పదు. "కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్" అనే ఆటలో ఒక్కొక్క తుపాకికి ఒక్కొక్క వెల ఉండేది. ఆటలో సంపాదించిన ఉత్తుత్తి డబ్బుతో దాన్ని కొనుక్కోవాలి. ఏ.డబ్ల్యు.పి. అనే పెద్ద తుపాకి వెల 4,750. 2015 డిసెంబరులో ఆ ఆటలోకి ఒక కొత్త రివాల్వరు వచ్చింది. వెల 850 మాత్రమే! దెబ్బ మాత్రం ఇంచుమించు పెద్ద తుపాకి దెబ్బంత. ఇంకేం, ఇనపగోలీ వచ్చినట్టే అయింది. తయారుచేసినవారు కొద్దిరోజుల్లోనే దాని బలం తగ్గించవలసి వచ్చింది.

"అన్ని ఆయుధాలనూ ఒకే మాదిరిగా చేస్తే పోలేదా?" అంటారేమో. అప్పుడు ఏది తీసుకున్నా ఒకటే కాబట్టి, ఆలోచించి ఎంచుకునే సరదా పోతుంది. ప్రతిదానికీ ఒక బలమూ, దానికి తగ్గ ఒక లోపమూ ఉండాలి. దూరం కొట్టేది నిదానంగా పేలాలి. త్వరగా పేలేది తక్కువ దెబ్బ తియ్యాలి.

ఈ తూకం ఎంత సున్నితమో చూడండి. ఆటగాడి ప్రాణం 100 పాళ్ళు అనుకుందాం. ఒక గుండు 34 పాళ్ళు తీస్తే మూడు గుండ్లు చాలు. ఎందుకంటే 34×3=102. ఒక్క పాలు తగ్గించి 33 చేశారనుకోండి. 33×3=99! ఒక్క పాలు మిగిలిపోయింది. దానికోసం నాలుగో గుండు కావాలి. గుండుకూ గుండుకూ మధ్య అరసెకండు పడితే, మొదటి గుండు పేలింది మొదలు ఒక సెకండులో ముగిసే పనికి ఇప్పుడు ఒకటిన్నర సెకండు పడుతుంది. మార్చింది ఒక్క అంకె, మారింది ఆటంతా!

2007లో వచ్చిన "హేలో 3" అనే ఆటలో, దూరం కొట్టే తుపాకి గుండ్ల మధ్య వ్యవధిని 0.5 సెకండునుంచి 0.7కు పెంచారు. దెబ్బ తగ్గిస్తే ఆ తుపాకి స్వభావమే పోతుంది. వ్యవధి పెంచితే దూరాన దాని గొప్ప ఉండనే ఉంటుంది, కాని గురి తప్పినవాడు కాసేపు ఆగక తప్పదు. ఈ ఒక్క మార్పును గురించే జైమీ గ్రీస్‌మర్ అనే ఆయన 2010లో ఆటల తయారీదారుల సభలో ఒక ప్రసంగమంతా చేశారు!

ఇప్పుడు మీ వంతు. రాముడి తుపాకి 0.3 సెకండుకొక గుండు పేల్చి, 25 పాళ్ళు తీస్తుంది. సోముడిది 0.7 సెకండుకొకటి పేల్చి, 50 పాళ్ళు తీస్తుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే 100 పాళ్ళు ముందెవరు తీస్తారు? ఇద్దరికీ ఒక్కొక్క గుండు గురి తప్పితే ఎవరు ముందు? కింది జవాబు చూడకుండా లెక్క కట్టండి.

జవాబు: గురి తప్పకపోతే రాముడికి 0.9 సెకండు, సోముడికి 0.7, సోముడే ముందు. ఒక్కొక్కటి తప్పితే రాముడికి 1.2, సోముడికి 1.4, రాముడే ముందు.