పటాలపు పాతలారీ



ఈ నెల నాకందిన లేఖలలో నొకటి నన్ను రెండు దినము లాలోచింపజేసినది. అమెరికాదేశమున టెక్సాసు రాష్ట్రములో స్థిరపడిన యొక సోదరి యిట్లు వ్రాసినది: "మావారు పొలము పనికని సైన్యమువారు వదలివేసిన పాతలారీ నొకదానిని వేలములో పాడబోవుచున్నారు. దానిని ఎమ్-35 ఏ-2 అందురట. ఇట్టిది కొనుట మాకిదే మొదలు. బండి యున్నచోటు మా యింటికి 200 మైళ్లు. క్రొత్త బ్యాటరీలు వేసి తామే నడుపుకొని వచ్చెదమనియు, పిల్లలను గూడ వెనుక నెక్కించుకొని వేడుకగా వత్తమనియు ననుచున్నారు. నేనేమి చెప్పవలెను?"

మగవారి వ్యవహారము మనకేల యని యీ ప్రశ్నను త్రోసివేయువారు కలరు. నేనట్లు చెప్పను. ఇంటిసొమ్ము కదలునప్పుడును, కన్నబిడ్డలు బండి యెక్కునప్పుడును అది యిల్లాలి వ్యవహారమే. దశరథుని రథమునకు శీల యూడిపోగా తన వ్రేలి నడ్డుపెట్టి చక్రమును నిలిపినది కైక యని పౌరాణికులు చెప్పుదురు. ఆమె తరువాత చేసిన పని యెట్టిదైనను, నాడు బండి యెక్కడ చెడినదో కనిపెట్టిన కన్ను ఆమెదే. మనకు వలసినదియు నా కన్నే.

మా పెద్దన్నగారు మన సైన్యములో మోటారుబండ్ల మరమ్మతుశాఖయందు పెక్కేండ్లు పనిచేసి విశ్రాంతి గొన్నవారు. ఆయన నడిగియు, ఆ లారీనిగూర్చి అమెరికా సైన్యము ప్రకటించిన చేతిపుస్తకమును మావారితో గూర్చుండి చదివియు తెలిసికొన్న దానిని వ్రాయుచున్నాను.

ఇది రెండున్నర టన్నుల లారీల వంశమునకు చెందినది. రెండవ ప్రపంచయుద్ధమున ఆ జాతి లారీలను జి.ఎమ్.సి. వారు 5 లక్షలకు పైగా చేసిరి. 1944లో ఫ్రాన్సుదేశమున ముందుకు సాగు సేనలకు పెట్రోలును, తిండియు, మందుగుండును మోసిన వానిలో నవి ముఖ్యములు. యుద్ధానంతరము 1950 ప్రాంతమున మిషిగన్ రాష్ట్రపు లాన్సింగు పట్టణమున రియో కంపెనీవారు క్రొత్త రూపున నీ ఎమ్-35 జాతిని మొదలిడిరి. పది చక్రములు, అన్నిటికిని ఇంజను బలము, గుడ్డకప్పు, ఇనుపతొట్టి. ఖాళీబండియే సుమారు 13,000 పౌనులు, అనగా ఆరు టన్నులకు దగ్గర. ఏ-2 అను రకమునకు గల ఇంజను డీజిలుతోనేకాక కిరోసిను మొదలగు పెక్కు నూనెలతో నడచునట్లు చేయబడినది. మేలైన బండియే. కాని అది సైన్యము చేతిలో, నెలనెల పరీక్షించు మేస్త్రీల నడుమ పెరిగిన బండి. మన యింటికి వచ్చినపుడు ఆ మేస్త్రీలు వెంట రారు.

మొదటి సంగతి కాగితములు. అక్కడ సైన్యమునకు పనికిరాని వస్తువులు వేలమునకు వచ్చునపుడు "ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోటనే" అమ్ముదురు. ఇంజను తిరుగునని గాని, బ్రేకు పట్టునని గాని ఎవ్వరును పూచీపడరు. ఛాయాపటములు చూచి పాడుట, పెండ్లికూతుమేలిముసుగు చూచి పిల్లను కుదుర్చుకొనుట వంటిది. వీలైనచో ముందుగా పోయి చూడవలెను. రహదారిపై నడుపుటకు హక్కుపత్రము సంపాదించుకొనుటకై ప్రభుత్వ మిచ్చు పత్రమును స్టాండర్డు ఫారము 97 అందురు. కొన్ని బండ్లకు ఆ పత్ర మీయరు. అవి పొలములోనే తిరుగవలెను. పత్రమున్నను, ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే నియమములు చేసికొన్నది. బీమావారి పట్టింపులు వేరు. కావున పాట పాడుటకు ముందే బండి నమోదుచేయు కార్యాలయమును, బీమావారిని అడిగి మాట తీసికొనవలెను. బండి ముంగిట నిలిచిన తరువాత అడుగుట మేలు కాదు.

రెండవ సంగతి లెక్క. పాటలో నిలిచిన ధర యొక్కటే ధర గాదు. దానిపై కొనువాని రుసుము, పన్ను, తరలింపు కూలి, రెండు బ్యాటరీలు, నూనెలు, రబ్బరుగొట్టములు, బహుశః పది టైర్లు. సాధారణముగా గడువులోపల బండిని తీసికొనిపోనిచో నిలువసుంకము కూడ పెరుగుచుండును. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతకు పాతలారీని కూడ చేర్చవచ్చును. ఈ పద్దులన్నియు నొక కాగితముపై వ్రాసి, మొత్తము వేసి, ఆ మొత్తమునకు మనస్సొప్పిన పిమ్మటనే పాటకు పోవలెను. పాటవేడిలో పద్దు జ్ఞాపకముండదు.

మూడవది ప్రాణసంబంధమైనది: బ్రేకులు. నేటి కారులలో బ్రేకునూనె రెండు దారులుగా పారును. ఒకటి తెగినను రెండవది కొంత నిలుపును. ఈ లారీలో గాలిబలము సాయముగా నూనె యొత్తబడును గాని ఆ నూనెకు దారి యొక్కటే. ఎక్కడ నొక గొట్టము తెగినను, ఒక చక్రము వద్ద కారినను, పది చక్రముల బ్రేకులును ఒక్కసారి పోవును. చేతిబ్రేకు కలదు గదా యందురేమో. అది చక్రములను పట్టదు, ఇంజనుబలమును చక్రములకు గొనిపోవు దండమును పట్టును. నిలిచిన బండిని నిలుపుటకే గాని, పరుగెత్తు ఆరు టన్నులను ఆపుటకు గాదు. ఏండ్లతరబడి ఎండలో వానలో నిలిచిన బండి గొట్టములు లోలోపల ఎట్లున్నవో పైనుండి చూచి చెప్పువాడు లేడు. కావుననే, ఆ సోదరి భర్తగారు ఎంతటి నేర్పరియైనను, మొదటి ప్రయాణము తన చక్రములపై గాక, పెద్ద ట్రైలరుపై జరుగవలెనని నేను చెప్పుచున్నాను. ఇంటికి చేరిన పిదప గొట్టములు, రబ్బరుబిళ్లలు మార్చి, నూనె క్రొత్తది పోసి, సమతలమున నెమ్మదిగా పరీక్షింపవలెను. సైన్యము తరువాతి కాలమున వాడినది సిలికోను జాతి నూనె. దానిలో అంగడిలోని మామూలు బ్రేకునూనె కలుపరాదు. గాలి యొత్తిడి చాలనప్పుడు లోపల నొక బజరు మ్రోగుచుండును. అది మాని గాలి నిండువరకు బండి కదలరాదు.

టైర్ల మాట. నిలువగా నున్న రబ్బరు పైకి క్రొత్తగా కనబడి పక్కల బీటలువారును. టైరు పక్కను తయారైన వారము, సంవత్సరము తెలుపు అంకెలుండును; 2000 నుండి నాలుగంకెలు, అంతకుముందు మూడు. వెనుక జంటచక్రములలో లోపలిదానిని వంగి చూడవలెను, పైదానిని చూచి మోసపోరాదు. ఎడమవైపు చక్రముల మరలు తల్లక్రిందులుగా, అనగా కుడికి త్రిప్పిన నూడునట్లు, కోయబడినవి. తెలియక బలము చేసినవారు మరలనే విఱిచిరి. అన్నిటికంటె భయంకరమైనది, టైరును పట్టియుంచు ఇనుపకడియము. సరిగా కూర్చుండనిచో గాలి కొట్టునపుడది ఫిరంగిగుండువలె ఎగిరి మనిషిని చంపును. ఆ పని ఇనుపపంజరము గల అనుభవజ్ఞుని దుకాణములోనే చేయింపవలెను. ఇంటి ముంగిట, పిల్లలు చుట్టుచేరి చూచుచుండగా, ఎన్నడును వలదు.

ఇంజను మాట. దీనికి తాళముచెవి లేదు. త్రిప్పుట కొక మీట, ఒక గుండీ; ఆపుట కొక లాగుడుపిడి. చిరకాలము కదలనిచో నూనెనందించు పంపులోని భాగము బిగిసిపోయి, ఇంజను మొదలైన వెంటనే ఆపశక్యముగాని వేగముతో పిచ్చిపట్టినట్లు పరుగెత్తవచ్చును. కావున త్రిప్పుటకు ముందే ఆ పిడి పంపువద్దకు సరిగా కదలించుచున్నదో లేదో చూచి, గాలి పీల్చు మూతి వద్ద దానిని మూయుటకు తగిన పలక నొకటి సిద్ధముగా నుంచుకొని, ఒక పెద్దవానిని నిలుపవలెను. విద్యుత్తు 24 వోల్టులది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపినది. ఇంటికారు బ్యాటరీ తీగలు తెచ్చి తోచినట్లు తగిలించుటకు వీలులేదు.

తెచ్చుట కేగువారు బరువు ముందుగా చెప్పి, అందుకు తగిన ట్రైలరును, గొలుసులను మాట్లాడుకొనవలెను. చిన్న లాగుడుబండ్లవాడు వచ్చి చూచి వెనుదిరిగిన దినము కూలియు, గడువును రెండును పోవును. గుడ్డకప్పును విప్పియో, బిగించికట్టియో తేవలెను. కాగితములపై సంఖ్యయు, బండి పలకపై సంఖ్యయు ఒక్కటియేయని ద్వారము దాటకముందే సరిచూచుకొనవలెను. ఈ పని ఓపికగల ఇల్లాలు చక్కగా చేయగలదు.

ఇన్ని చెప్పితినని నిరుత్సాహము వలదు. ఫిలిప్పీను దీవులలో యుద్ధానంతరము సైన్యము విడిచిన జీపులను సామాన్యులు పొడిగించి, రంగులువేసి, జనులను మోయు జీప్నీలుగా మార్చుకొనిరి. యుద్ధమునకు పుట్టిన ఇనుము కట్టెలను, గడ్డిని, నీటిపీపాలను మోయుట కంటె దానికి మంచి గతి యేమున్నది? గంటకు 56 మైళ్లు దాటక, గ్యాలనుకు 10 మైళ్లైన రాక, ఈల వేయుచు పోవు ఆ ముసలిబండి పొలములో నమ్మకమైన సేవకుడు కాగలదు. కాని తొట్టిలో పిల్లల కూర్చుండుట రహదారిపై ఎప్పటికిని కూడదు. అక్కడ వారిని పట్టియుంచు పట్టీలు లేవు.

పాతకంచుబిందెను కొనునపుడు మనము వ్రేలితో తట్టి ధ్వని విందుము, అడుగు త్రిప్పి అతుకు చూతుము, తూకము వేయింతుము. తళుకునకు వెలయీయము. యంత్రమైనను అంతే. "ఎంత వేగముగా పోవును?" అని పురుషులడిగినపుడు, "ఎంత దూరములో ఆగును? దీని కాగితము లెవరి పేర నున్నవి?" అని మనమడుగుదము. ఈ రెంటికి నుత్తరము దొరకిన బండిని కొనుడు. దొరకనిచో, ఎంత చవకయైనను, మరియొక వేలమునకు వేచియుండుడు.