సెల్‌ఫోను కంపెనీల విలీనం: భారం ఎవరిపైన?

2018 ఆగస్టు 31న వొడాఫోన్ ఇండియా, ఐడియా సెల్యులార్ కంపెనీలు ఒకటైనవి. ఆ నాటికి రెండింటి ఖాతాదారులు కలిపి 40 కోట్లకు పైబడి ఉండిరి. అంతకన్న పెద్ద ఫోను కంపెనీ అప్పుడు దేశంలో లేదు. విలీనం వలన నెట్‌వర్కు విస్తరించునని, సేవ మెరుగుపడునని ఖాతాదారులకు చెప్పిరి. ఏడేండ్లు దాటినవి. లెక్క చూచుకొనుటకు ఇది చాలినంత వ్యవధి.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో ఫోను కంపెనీల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. తపాలా, తంతి ఒకే శాఖగా ఉన్న రోజులు మన పెద్దలకు బాగా గుర్తున్నవి. 1985లో ఆ శాఖను రెండుగా చీల్చిరి. టెలికాం భాగం నుండి 2000 అక్టోబరు 1న బి.యస్.యన్.యల్. ఏర్పడినది. రైల్వేలోనైతే 2019 జనవరి 1 నుండి డ్యూటీ ఫోన్లు ఎయిర్‌టెల్ నుండి జియోకు మారినవి. నేడు ఫోను లేక గాంగ్‌మన్‌కు గాని, పోస్ట్‌మన్‌కు గాని పని సాగదు. బ్యాంకు ఓటీపీ రానిదే ఇంటినుండి పెన్షనుదారుని సొమ్ము కదలదు. కావున ఇది మన గొడవే.

2016 సెప్టెంబరు 5న జియో రంగప్రవేశం చేసి, 2017 మార్చి 31 వరకు సేవలను ఉచితంగా ఇచ్చినది. అంతకు పూర్వం ఒక జీబీ డేటాకు రెండు వందల రూపాయలకు పైగా వసూలు చేసిన కంపెనీలు ధరను పాతాళానికి దించవలసివచ్చినది. పల్లెటూరి పిల్లవానికి కూడా ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది. ఈ మేలును కాదనుట న్యాయం కాదు. ఐతే ఆ ధాటికి చిన్న కంపెనీలు నిలువలేకపోయినవి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరలో మొబైల్ కాల్స్ నిలిపివేసినది. ఎయిర్‌సెల్ 2018 ఆరంభంలో దివాలా తీసినది. తమిళనాడులో లక్షలాది జనం సిగ్నలు లేక, నంబరు మార్చుకొనే దారి దొరకక అల్లాడిరి. టెలినార్ ఇండియా 2018లో, టాటా వారి మొబైల్ వ్యాపారం 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసినవి. పదికి పైగా ఉన్న కంపెనీలలో ప్రయివేటు రంగాన మిగిలినవి మూడు. ఈ కలయికలలో దేనికీ ఖాతాదారుని సమ్మతి ఎవరూ అడుగలేదు. పొలం అమ్మినప్పుడు పాలేరును కూడా అప్పగించినట్లు కోట్లాది నంబర్లు చేతులు మారినవి.

విలీనం ముగిసి మూడు నెలలు తిరుగకముందే, 2018 నవంబరులో, కనీస రీచార్జి వచ్చినది. అంతవరకు పది రూపాయలు వేసికొని నెలల తరబడి వచ్చే కాల్స్ అందుకొనిన బీదవాడు, ఇక 28 రోజులకొకసారి రు. 35 చెల్లించనిదే ఫోను నిలువదని తెలిసికొనెను. ఖాతాలో సొమ్ము ఉండగా సేవ నిలుపరాదని ట్రాయ్ హెచ్చరించినది. అయినను కనీస రీచార్జి పద్ధతి నిలిచిపోయినది. 2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జూలై: మూడు పర్యాయములు మూడు కంపెనీలు కొద్ది రోజుల తేడాలో చార్జీలు పెంచినవి. ఎయిర్‌టెల్‌లో రు. 149గా ఉన్న 28 రోజుల అపరిమిత కాల్స్ ప్లాను 2021లో రు. 179, 2024లో రు. 199 అయినది. కుమ్మక్కు జరిగినదని మేము అనుట లేదు. సంతలో మూడే దుకాణాలు ఉన్నప్పుడు కుమ్మక్కు అవసరమే లేదు.

ఆ 28 రోజుల సంగతి కూడా చూడవలెను. మనకు జీతం ఏడాదికి పన్నెండు సార్లు వచ్చును. రీచార్జి పదమూడు సార్లు చేయవలెను. ఈ కిటుకు కనిపెట్టిన బుద్ధిమంతుడెవరో గాని మన పే కమిషన్లకు అట్టివాడు దొరకలేదు! 30 రోజుల ప్లాను కనీసం ఒకటైనా ఉంచవలెనని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించవలసివచ్చినది.

నచ్చనిచో నంబరుతో సహా వేరే కంపెనీకి మారవచ్చును గదా యనువారున్నారు. ఆ హక్కు 2011 జనవరి నుండి దేశమంతట ఉన్నమాట నిజం. ఐతే మారుటకు పంపవలసిన ఎస్సెమ్మెస్ చౌక ప్లానులలో లేకుండ చేయగా, ఏ ప్లానులోనైనా దానిని అనుమతించవలెనని 2021 డిసెంబరులో ట్రాయ్ ఉత్తరువు ఇచ్చినది. తలుపు తెరిపించిరి సరే, వెళ్ళుటకు మరొక ఇల్లు ఉండవలెను గదా!

కలిసిన కంపెనీ బాగుపడినదా అనిన, అదియు లేదు. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తీర్పుతో లైసెన్సు బకాయిలు నెత్తిన పడినవి. ఖాతాదారులు సుమారు 20 కోట్లకు తగ్గిరి. బకాయిలను 2023లో, మరల 2025లో వాటాలుగా మార్చుకొనిన ప్రభుత్వం నేడు అందులో 49 శాతానికి యజమాని. ప్రజల సొమ్ము ఉన్నది, ప్రజల మాట మాత్రం చెల్లదు.

నిజమైన నాలుగవ దుకాణం బి.యస్.యన్.యల్. ఒక్కటే. 2024 జూలైలో చార్జీలు పెరుగగానే ఆ ఒక్క నెలలో సుమారు 29 లక్షల మంది ఖాతాదారులు అధికమైరి. నవంబరు నాటికి ఆ సంఖ్య తిరిగి తగ్గనారంభించినది. ప్రయివేటు కంపెనీలు ఏండ్ల క్రిందటనే ఇచ్చిన 4జీ, ప్రభుత్వ సంస్థలో దేశవ్యాప్తంగా ప్రారంభమైనది 2025 సెప్టెంబరు 27న. నడుమ 2020 జనవరి 31న 78,569 మంది ఉద్యోగులను స్వచ్ఛంద విరమణ పేరిట ఒక్కరోజున ఇంటికి పంపిరి. టవరు చూచు చేతులను ముందు తీసివేసి, సిగ్నలు లేదని సంస్థను నిందించుట మనం రైల్వేలోను, తపాలాలోను చూచుచున్న తంతే.

బి.యస్.యన్.యల్.కు చాలినంత పరికరాలు, సిబ్బంది సమకూర్చవలెనని, వచ్చే కాల్స్, ఓటీపీలు రీచార్జి లేదనే కారణంతో నిలుపరాదని మేము కోరుచున్నాము. 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించిన డేటా లేని ప్లాను తమకు అందుచున్నదీ లేనిదీ, రీచార్జి గడువు తీరి పెన్షను ఓటీపీలు అందనివారు ఎందరున్నదీ శాఖా కార్యదర్శులు విచారించి, తగు వివరాలు వచ్చే మాసం పదవ తేదీలోగా కేంద్ర కార్యాలయానికి పంపవలెను. ట్రాయ్‌కు సమర్పించు విజ్ఞప్తికి వానిని జతపరచెదము.