నీటి అడుగున అందరిదీ సైగల భాషే.. అడ్డంకి పడవ మీదే

స్కూబా డైవింగ్ ఇప్పుడు సెలవుల విహారంలో భాగమైపోయింది. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, మహారాష్ట్రలో మాల్వణ్-తార్కర్లి, ఇటు పుదుచ్చేరి తీరం.. మన కుటుంబాలకు ఇవేమీ దూరం కావు. అయితే ఇంట్లో వినికిడి లోపం ఉన్న అమ్మాయో అబ్బాయో ఉంటే, 'వాళ్లకు కుదరదులే' అని మనమే ముందు తేల్చేస్తాం. మనం వదిలేసినా డైవింగ్ కేంద్రం వాళ్లు ఆపేస్తారు. ఈ భయంలో నిజమెంత?

నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది. అది ఎటు నుంచి వస్తోందో మంచి చెవులకూ అంతుపట్టదు. నోట్లో రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి మాటకు తావే లేదు. అందుకే డైవర్లందరూ చేతి సైగల మీదే ఆధారపడతారు. అక్కడ బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి వెళ్దాం' అని. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే 'అంతా బాగుంది'. చేతిని గొంతుకు అడ్డంగా కదిపితే 'గాలి అయిపోయింది'. మిగతావారు ఇలాంటి కొన్ని సైగలతో సరిపెట్టుకుంటే, సైగల భాషలో పెరిగినవారు నీటి అడుగున కబుర్లే చెప్పుకోగలరు.

అసలు చిక్కు నీటి పైన ఉంది. జాగ్రత్తలన్నీ ఇంజిన్ రొదలో, నోటిమాటగా చెబుతారు. లోపల ఉన్నవారి దృష్టి మళ్లించడానికి సిలిండర్ మీద కొట్టి చప్పుడు చేస్తారు. మన పిల్లలకు ఇంకో ఇబ్బందీ ఉంది. ఇంట్లో తెలుగు పెదవుల కదలిక చదవడం నేర్చిన బిడ్డకు ఇన్‌స్ట్రక్టర్ కన్నడంలోనో మరాఠీలోనో చెప్పేది అందదు. భాష తెలియని కౌంటర్ ముందు నిలబడ్డం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. బొమ్మలతో రాసిన కార్డు, నీటిలో రాసుకునే పలక, టార్చి వెలుగు, ముందే అనుకున్న భుజం తట్టు, కనుచూపు దాటని తోడు డైవర్ ఉంటే చాలు.

వైద్యం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. డైవింగ్‌కు ముందు నింపే అంతర్జాతీయ ఆరోగ్య పత్రంలో చెవి జబ్బు, ఆపరేషన్, వినికిడి లోపం, శరీరం తూలడం గురించి ప్రశ్న ఉంటుంది. 'అవును' అంటే డాక్టర్ అనుమతి కావాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. కర్ణభేరికి చిల్లు ఉంటే దిగకూడదు. ఒక చెవే పనిచేసేవారికి ఆ చెవి దెబ్బతింటే మిగిలేదేమీ ఉండదు, కాబట్టి వారికి మరింత జాగ్రత్త అవసరం. వినికిడి యంత్రం, కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగం తీసేయాలి. లోపలి భాగం ఎంత లోతు తట్టుకుంటుందో తయారీదారుని అడగాలి. నరాల లోపం వల్ల వినపడకపోయినా కర్ణభేరి బాగుండి, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోగలిగితే డాక్టర్ ఒప్పుకోవచ్చు. ఆ నిర్ణయం ఈఎన్‌టీ డాక్టర్‌ది. టికెట్లు రాసే మనిషిది కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మూడో సెక్షన్ కూడా వైకల్యం కారణంగా వివక్ష చూపరాదంటోంది. మినహాయింపు కావాలంటే న్యాయమైన లక్ష్యం కోసం, దానికి తగిన మేరకే అలా చేశామని చూపాలి. భద్రత అలాంటి లక్ష్యమే. కానీ పత్రం చూడకుండా, డాక్టర్ మాట వినకుండా 'చెవిటివాళ్లను ఎక్కించుకోం' అనడం భద్రత అనిపించుకోదు.

కాబట్టి బయల్దేరే ముందే ఆ పత్రంతో ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఎక్కనివ్వరేమోనని లోపాన్ని దాచకండి, ప్రాణం మీదికి వస్తుంది. జాగ్రత్తలు రాసి ఇస్తారా, సైగలతో వివరిస్తారా అని కేంద్రాన్ని ముందే అడగండి. అన్నిటికంటే ముందు దిగాలనుందో లేదో బిడ్డనే అడగండి. ఆ జవాబు మనం ఇచ్చేది కాదు.